కోత చిన్నదైతే ప్రమాదమూ చిన్నదేనా?

అమెరికా వైద్యుడు లూయిస్ థామస్ 1956లో ఒక వింత సంగతి ప్రచురించాడు. బొప్పాయి పాలలో ఉండే పపైన్ అనే ఎంజైమును ఆయన కుందేళ్ల రక్తనాళంలోకి ఎక్కించాడు. కుందేళ్లకు పెద్దగా ఏమీ కాలేదు. చెవులు మాత్రం వాడిన తమలపాకుల్లా రెండు పక్కలా వేలాడిపోయాయి. కొద్ది రోజుల్లో మళ్లీ నిక్కబొడుచుకున్నాయి. చెవిని నిలబెట్టే మృదులాస్థిని ఎంజైము మెత్తబరిచింది, శరీరం దాన్ని మళ్లీ కట్టుకుంది. మటన్ త్వరగా ఉడకాలని పచ్చిబొప్పాయి ముక్క వేసే తెలుగు వంటింటికి ఈ గుణం కొత్త కాదు.

వెన్నుపూసల మధ్య ఉండే డిస్కు కూడా ఆ జాతి పదార్థమే. జారిన డిస్కును కోసి తీయడమెందుకు, సూదితో మందు ఎక్కించి కరిగిస్తే పోదా అనుకున్నాడు ఇల్లినాయిస్‌కు చెందిన ఎముకల వైద్యుడు లైమన్ స్మిత్. బొప్పాయి పాల నుంచే తీసిన కైమోపపైన్‌ను రోగులకిచ్చి, 1964లో ఫలితాలు ప్రకటించాడు. 1982లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ అనుమతి ఇచ్చింది. కోత లేదు, కుట్టు లేదు, సూది పట్టేంత రంధ్రం చాలు. రోగులూ వైద్యులూ ఉత్సాహంగా అటు మళ్లారు. అప్పుడు అసలు లెక్కలు బయటికొచ్చాయి. మందు పడక కొందరికి ప్రాణం మీదికొచ్చింది. కొందరికి వెన్నులో రక్తస్రావమైంది, కొందరికి కాళ్లు పడిపోయాయి. ఉత్తి సెలైన్ సూదికన్నా మేలే గానీ ఆపరేషన్‌తో పోలిస్తే గుణం తక్కువని పరీక్షల్లో తేలింది. సూది వేయించుకున్నాక కూడా ఆపరేషన్ బల్ల ఎక్కవలసి వచ్చినవాళ్లు తక్కువేమీ కాదు. కొన్నేళ్లకు ఆ మందు అమ్మకమే ఆగిపోయింది.

ఒంటి మీద పడే గాటు పొడవును బట్టి లోపలి ప్రమాదాన్ని అంచనా వేయకూడదని ఆ అనుభవం చెప్పింది. దశాబ్దాల తర్వాత కూడా తెలుగు రాష్ట్రాల్లో నడుము నొప్పితో ఆసుపత్రి మెట్లెక్కే మనిషికి మొదట చూపించేది ఆ గాటు పొడవునే. 'కుట్టు లేని ఆపరేషన్', 'లేజర్‌తో డిస్కు నయం', 'ఉదయం వచ్చి సాయంత్రం ఇంటికి' అన్న మాటలు హోర్డింగుల మీదా ఫోన్ల తెరల మీదా కనిపిస్తూనే ఉంటాయి. ఇంటికొస్తే చుట్టాలు ఇంకో మాట చెబుతారు: 'నడుముకు ఆపరేషనా? మంచాన పడతావు, వద్దు.' అటు అతి నమ్మకం, ఇటు అతి భయం. ఏ పద్ధతి ఎంత సురక్షితం అన్న ప్రశ్నకు రెండింటి దగ్గరా జవాబు లేదు. జవాబు చెప్పగల పరిశోధనలు మాత్రం చాలానే జరిగాయి. వాటిని వరసగా చదివితే తేలేదొకటే. పద్ధతికీ పద్ధతికీ మధ్య తేడా కొద్దిపాటిది. ఆపరేషన్ అవసరమా, ఎప్పుడు చేయాలి, ఎక్కడ చేయాలి, చేసే చేతికి అలవాటెంత అన్న వాటిలోనే పెద్ద తేడాలున్నాయి.

ముందు డిస్కు సంగతి చూడాలి. దాన్ని పూర్ణం బూరెతో పోల్చవచ్చు. పైన పొరలు పొరలుగా గట్టి పీచు, లోపల మెత్తటి గుజ్జు. పై పొర చిట్లిన చోట లోపలి గుజ్జు బయటికి తోసుకొస్తుంది. అది వెనకకు, కాస్త పక్కకు వచ్చిందంటే కాలిలోకి దిగే నరం మొదలు మీద పడుతుంది. అందుకే బాధ నడుములో మొదలైనా పిరుదు మీదుగా పిక్కలోకి, పాదంలోకి కరెంటు తీగలా లాగుతుంది. సయాటికా అంటున్నది దీన్నే. నూటికి తొంభై పైగా కేసుల్లో ఇది నడుము చివరి రెండు మెట్ల దగ్గరే వస్తుంది. వైద్యుల భాషలో అవి ఎల్4-ఎల్5, ఎల్5-ఎస్1.

మంచాన పడతామన్న భయానికి ఇక్కడే ఒక సమాధానం ఉంది. మెదడు నుంచి దిగే వెన్నుపాము నడుము పైభాగంలోనే, మొదటి రెండు నడుము పూసల దగ్గరే ముగుస్తుంది. అక్కడి నుంచి కిందికి ఉండేది గుర్రం తోకలా విడివిడిగా వేలాడే నరాల కట్ట. చివరి రెండు మెట్ల దగ్గర చేసే ఆపరేషన్ వెన్నుపాము జోలికే పోదు. నరానికి దెబ్బ తగిలే ముప్పు లేదని కాదు, కానీ అది అరుదు. రెండు కాళ్లూ చచ్చుబడిపోవడం మాత్రం ఈ ఆపరేషన్‌కు మామూలుగా జరిగే పరిణామం కాదు.

కాలి నొప్పికి కారణం డిస్కే అని వైద్యానికి తెలిసిందే ఆలస్యంగా. 1909 నాటికే బెర్లిన్‌లో ఫెడోర్ క్రౌజ్ అనే సర్జన్ అలాంటి ముక్కను తీశాడు, కానీ దాన్ని గడ్డ అనుకున్నాడు. 1934లో బోస్టన్‌లోని మసాచుసెట్స్ జనరల్ ఆసుపత్రి వైద్యులు విలియం మిక్స్‌టర్, జోసెఫ్ బార్ 19 మంది రోగుల వివరాలతో వ్యాసం రాసి, అది గడ్డ కాదు, చిట్లిన డిస్కు అని నిరూపించారు. ఆ తొలినాళ్ల ఆపరేషన్లలో వెన్ను వెనకభాగపు ఎముకను వెడల్పుగా తొలగించేవారు. తర్వాత ఒక పక్క కిటికీలాంటి సందు చేస్తే చాలునని తెలిసింది. 1977లో జూరిచ్‌లో యాసర్‌గిల్, జర్మనీలో కాస్పర్ విడివిడిగా సూక్ష్మదర్శినిని ఈ ఆపరేషన్‌లోకి తెచ్చారు. అదే మైక్రోడిసెక్టమీ. 1997లో అమెరికాలో ఫోలీ, స్మిత్ కండరాలను కోయకుండా గొట్టంతో పక్కకు జరిపి పనిచేసే దారి చూపారు. సన్నని కెమెరా గొట్టాన్ని వీపు పక్క నుంచి నరం బయటికొచ్చే రంధ్రంలోకి పంపే ఎండోస్కోపీ పద్ధతి కూడా ఆ దశకంలోనే పదునెక్కింది.

ఒక మైక్రోడిసెక్టమీని దగ్గర నుంచి చూస్తే ఎక్కడ ఏ ప్రమాదం పొంచి ఉందో అర్థమవుతుంది. రోగి బోర్లా పడుకుని ఉంటాడు. నడుము మధ్యలో రెండు మూడు సెంటీమీటర్ల గాటు. కండరాన్ని ఎముక నుంచి పక్కకు నెట్టాక రెండు పూసల మధ్య పసుపురంగు పొర కనిపిస్తుంది. దాన్ని తెరిస్తే నరాల కట్టను చుట్టిన డ్యూరా అనే తొడుగు, దాని పక్కన తెల్లని తాడులాంటి నరం. సర్జన్ ఆ నరాన్ని చిన్న కొక్కెంతో మెల్లగా మధ్యకు లాగి పట్టుకుంటాడు. దాని అడుగున ఉడికించిన పీత మాంసంలా తెల్లగా పీచుపీచుగా ఉన్న ముక్క ఉంటుంది. పటకారుతో దాన్ని అందుకుని లాగితే, అప్పటిదాకా బిగదీసుకున్న నరం వదులవుతుంది. మొత్తం గంట, గంటన్నర పని.

ఈ పనిలో ఎక్కువగా జరిగే పొరపాటు డ్యూరా చిరగడం. లోపలి వెన్నునీరు కారుతుంది, లేచి కూర్చుంటే తల పగిలిపోయే నొప్పి వస్తుంది. అమెరికాలో 'స్పోర్ట్' పేరుతో జరిగిన పెద్ద అధ్యయనంలో మొదటిసారి డిస్కు ఆపరేషన్ చేయించుకున్న 799 మందిలో 25 మందికి ఇలా జరిగింది, అంటే నూటికి ముగ్గురికి. ఆపరేషన్ సమయం పెరిగింది గానీ, సరిచేశాక ఏళ్ల తరబడి గమనిస్తే వాళ్ల ఫలితం మిగతావాళ్లకన్నా తగ్గలేదు. చీము పట్టడం నూటికి ఒకరిద్దరికో అంతకన్నా తక్కువమందికో జరుగుతుంది. ఆ అధ్యయనంలోనే ఎనిమిదేళ్లలో మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు నూటికి 15 మంది దాకా ఉన్నారు. 'ఒక్కసారి చేయించుకుంటే జీవితాంతం ఢోకా లేదు' అని ఎవరైనా అంటే ఆ పదిహేను మందినీ లెక్కలోంచి తీసేసినట్టే.

అన్నిటికన్నా భయంకరమైనది చాలా అరుదు. డిస్కుకు ముందువైపు, పొట్ట వెనకాల, గుండె నుంచి వచ్చే మహాధమని నాలుగో నడుము పూస దగ్గరే రెండుగా చీలుతుంది. ముక్కను వెతుకుతూ పటకారు డిస్కు ముందు గోడ దాటి ఒకటి రెండు సెంటీమీటర్లు ఎక్కువ లోతుకు పోతే ఆ నాళం తెగుతుంది. నెత్తురు గాటులోకి రాకుండా పొట్టలోకి పోవచ్చు. సర్జన్ కళ్లెదుట అంతా పొడిగానే ఉంటుంది, మత్తు డాక్టరు తెర మీద మాత్రం రక్తపోటు పడిపోతుంటుంది. అప్పుడు రోగిని వెంటనే వెల్లకిలా తిప్పి పొట్ట తెరిచి నాళం కుట్టాలి. పది వేల ఆపరేషన్లలో ఏ ఒకటి నుంచి అయిదింటిలోనో జరిగే ఈ ఘటనలో బతికి బయటపడటం ఆ ఆసుపత్రిలో రక్తనాళాల సర్జను, బ్లడ్‌బ్యాంకు ఉన్నాయా లేదా అన్నదాని మీద ఆధారపడుతుంది. గాటు రెండు సెంటీమీటర్లా ఎనిమిది మిల్లీమీటర్లా అన్నది ఆ క్షణంలో ఎవరికీ పట్టదు.

ఇక పద్ధతుల పోలిక. సూక్ష్మదర్శిని వచ్చిన కొత్తలో పాత తెరిచే పద్ధతి పనైపోయిందనుకున్నారు. 1993లో స్వీడన్‌లో టుల్‌బెరీ బృందం 60 మందిని చీట్లు తీసినట్టు రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు సూక్ష్మదర్శినితో, మరో జట్టుకు అది లేకుండా ఆపరేషన్ చేసింది. ఏడాదికి చూస్తే రెండు జట్ల ఫలితాలూ ఒకటే.

గొట్టం పద్ధతి వచ్చాక నెదర్లాండ్స్ వైద్యులు మరింత పెద్ద పరీక్ష పెట్టారు. 2009లో వెలువడిన ఆ అధ్యయనంలో 328 మంది ఉన్నారు. తమకు గొట్టంతో చేశారో, మామూలు మైక్రోడిసెక్టమీ చేశారో రోగులకు తెలియనివ్వలేదు. కండరం తక్కువ నలుగుతుంది కాబట్టి గొట్టంవాళ్లకు త్వరగా గుణం కనిపిస్తుందని అందరూ ఆశించారు. ఏడాది తర్వాత బాగా కోలుకున్నామన్నవాళ్లు గొట్టం జట్టులో నూటికి 69 మంది, పాత పద్ధతి జట్టులో 79 మంది. కాలి నొప్పి, నడుము నొప్పి కూడా గొట్టం జట్టులోనే కాస్త ఎక్కువగా మిగిలాయి. తేడా పెద్దది కాదు, కానీ అందరూ ఊహించిన దిక్కుకు ఎదురుగా ఉంది. వైద్య పరిశోధనలను కలిపి సమీక్షించే కాక్రేన్ సంస్థ 2014లో, అప్పటికి జరిగిన 11 అధ్యయనాలను, 1,172 మంది రోగుల లెక్కలను కలిపి చూసింది. చిన్న గాటు పద్ధతుల్లో చీము పట్టే ముప్పు తగ్గవచ్చు, నొప్పి తగ్గడంలో మాత్రం అవి కొంచెం వెనకబడి ఉండవచ్చు, తేడాలు స్వల్పం, ఆధారాల నాణ్యత అంతంతమాత్రం అని తేల్చింది.

ఎండోస్కోపీ కథ దీనికి భిన్నం, దానికి దక్కవలసిన మెప్పు దక్కాలి. ఆ పద్ధతిని అందరికీ తప్పనిసరైన ఆరోగ్య బీమా కింద చేర్చాలా వద్దా అన్న ప్రశ్న నెదర్లాండ్స్‌లో వచ్చినప్పుడు, ముందు పరీక్షలో నెగ్గాలన్నారు. 613 మందితో ఆ పరీక్ష నడిచి 2022లో బ్రిటిష్ మెడికల్ జర్నల్‌లో వెలువడింది. ఏడాదికి కాలి నొప్పిలో ఎండోస్కోపీ మైక్రోడిసెక్టమీకి తీసిపోలేదు సరికదా, కొద్దిగా ముందే ఉంది. రక్తం తక్కువ పోయింది, రోగులు తొందరగా ఇంటికెళ్లారు.

ఎండోస్కోపీకి ఇంకో భద్రత ఉంది. పక్క నుంచి వెళ్లే పద్ధతిలో చాలాచోట్ల రోగిని పూర్తిగా నిద్రపుచ్చరు, ఆ చోట మొద్దుబార్చి చేస్తారు. గొట్టం నరానికి తగిలిందంటే రోగే 'కాలిలోకి కొట్టింది డాక్టరుగారూ' అంటాడు, సర్జన్ చెయ్యి ఆగుతుంది. వయసు మీదపడినవాళ్లకు, గుండె జబ్బులున్నవాళ్లకు పూర్తి మత్తు తప్పడం చిన్న మేలేమీ కాదు. అయితే ఈ దారిలో ఎదురయ్యే నరం వేరు. దానికి ఒరిపిడి తగిలితే వారాల తరబడి కాలు మంటలు మండుతుంది. చివరి మెట్టు దగ్గర తొంటి ఎముక అడ్డొస్తుంది కాబట్టి కొందరికి ఆ దారే కుదరదు, వెనక నుంచి వెళ్లాలి. పైగా ఇది నేర్చుకోవడం కష్టమైన విద్య. తెరిచిన గాయంలో నేరుగా చూస్తూ చేసిన సర్జన్‌కు తెర మీద చూస్తూ గొట్టం తిప్పడం అలవాటు కావాలంటే పదుల కేసులు పడతాయి. తొలి కేసుల్లో ముక్క మిగిలిపోవడం, మళ్లీ తెరవవలసి రావడం ఎక్కువని చాలా కేంద్రాల అనుభవం. నెదర్లాండ్స్ ఫలితం ప్రత్యేకంగా తర్ఫీదు పొందిన కొద్దిమంది చేతుల్లో వచ్చింది. ఆ యంత్రం కొన్న ప్రతి ఆసుపత్రికీ అది వర్తించదు.

లేజర్ మాటకొస్తే జాగ్రత్త మరింత అవసరం. సూది గుండా పీచుతీగను డిస్కులోకి పంపి లోపలి గుజ్జును కొంత ఆవిరి చేసే ఈ పద్ధతిని 1986లో తొలిసారి మనుషుల మీద వాడారు. నెదర్లాండ్స్‌లోనే దాన్ని మామూలు ఆపరేషన్‌తో పోల్చి చూసి 2015లో ఫలితాలు ప్రచురించారు. కోలుకోవడం ఆపరేషన్ జట్టులోనే త్వరగా జరిగింది. మళ్లీ ఆపరేషన్ అవసరమైనవాళ్లు లేజర్ జట్టులో నూటికి 38 మంది, మామూలు జట్టులో 16 మంది. 'లేజర్‌తో ప్రమాదం లేదు' అని వింటున్న రోగికి ఈ రెండు అంకెలు ఎవరు చెబుతున్నారు? ముప్ఫై ఎనిమిది మందికి మళ్లీ థియేటరు, మళ్లీ మత్తు, మళ్లీ ఖర్చు. అవన్నీ మొదటి చికిత్స ప్రమాదంలో భాగమే.

మరోవైపు, చిన్న గాటు ప్రచారానికి పూర్తిగా వ్యతిరేక దిశలో ఇంకో అతి నడుస్తోంది. అది మొదటిసారి జారిన డిస్కుకే స్క్రూలు, రాడ్లు బిగించి పూసలు కలిపేయడం. పూసలు కదలిపోతున్నప్పుడో, వంకరున్నప్పుడో, పదేపదే జారుతున్నప్పుడో దానికి చోటుంది. మామూలుగా జారిన డిస్కుకు మొదటి ఆపరేషన్‌లోనే అది చేయనక్కర్లేదని అమెరికా నాడీశస్త్ర వైద్యుల మార్గదర్శకాలు చెబుతున్నాయి. రక్తస్రావం, ఖర్చు, ఆసుపత్రి రోజులు అన్నీ పెరుగుతాయి. ముక్క తీస్తే సరిపోయే రోగికి లోహం బిగించిన ఆసుపత్రి అందుకు కారణమేమిటో కాగితం మీద రాసివ్వాలి.

ఇంతవరకూ చెప్పుకున్న తేడాలన్నీ ఆపరేషన్ అవసరమైన మనిషి విషయంలో. అసలు అవసరమే లేనివాళ్లకు చేస్తే అత్యంత సురక్షితమైన పద్ధతి కూడా నష్టమే. ఇక్కడ ఎం.ఆర్.ఐ. ఫిల్ము చాలామందిని దారి తప్పిస్తోంది. నొప్పి అంటూ ఏమీ లేని 3,110 మంది స్కాన్లను 33 అధ్యయనాల నుంచి పోగేసి 2015లో లెక్కకట్టారు. ఇరవై ఏళ్లవాళ్లలో నూటికి 30 మందికి, యాభై ఏళ్లవాళ్లలో 60 మందికి డిస్కు ఉబ్బు కనిపించింది. అంటే నడిరోడ్డు మీద హాయిగా నడుస్తున్న యాభై ఏళ్లవాళ్లను పట్టుకుని స్కాన్ తీస్తే సగంమందికి పైగా రిపోర్టులో 'డిస్క్ బల్జ్' అని వస్తుంది. ఆ రెండు మాటలు చదివి నిద్ర మానేసిన కుటుంబాలు ఊరికి కొన్ని ఉంటాయి. కాలి నొప్పి దారి, తిమ్మిరి ఉన్న చోటు, కాలు ఎత్తి చూసినప్పుడు వచ్చే లాగుడు, ఫిల్ములో కనిపించే ముక్క, ఈ నాలుగూ ఒకే నరం వైపు చూపిస్తేనే ఆ ముక్క దోషి.

నిజంగా జారిన ముక్క కూడా చాలాసార్లు తనంతట తానే కరుగుతుంది. బయట పడిన గుజ్జును శరీరం పరాయి వస్తువుగా గుర్తించి తినేస్తుంది. 2015లో వచ్చిన ఒక సమీక్షలో, పూర్తిగా తెగి బయటపడిన ముక్కలు నూటికి 96 సందర్భాల్లో తగ్గాయి, కొద్దిగా ఉబ్బినవి 13 సందర్భాల్లోనే. ఫిల్ములో ఎక్కువ భయపెట్టేదే ఎక్కువగా కరుగుతుందన్నమాట. నెదర్లాండ్స్‌లో ఆరు నుంచి పన్నెండు వారాలుగా తీవ్రమైన సయాటికాతో ఉన్న 283 మందిని రెండు జట్లుగా చేసి, ఒక జట్టుకు త్వరగా ఆపరేషన్ చేశారు, మరో జట్టును మందులతో ఆగమన్నారు. ఆగమన్న జట్టులో 39 శాతం మందికి చివరికి ఆపరేషన్ తప్పలేదు. మిగతావాళ్లు కత్తి లేకుండానే గట్టెక్కారు. ఏడాది తిరిగేసరికి రెండు జట్లలోనూ నూటికి 95 మంది కోలుకున్నామన్నారు. ఆపరేషన్ ఇచ్చింది వేగం. నిద్రపట్టని నొప్పితో ఉన్న కూలీకో, బండి నడుపుకునే డ్రైవరుకో ఆ వేగం చాలా విలువైనది కావచ్చు. కానీ ఆగే అవకాశం ఉందని తెలిశాకే ఆ నిర్ణయం తీసుకోవాలి.

ఆగడానికీ ఒక హద్దుంది. కెనడాలో నాలుగు నెలల నుంచి ఏడాది దాకా నొప్పి తగ్గని 128 మంది మీద జరిగి 2020లో వెలువడిన పరీక్షలో, ఆరు నెలలకు పదికి కాలి నొప్పి స్కోరు ఆపరేషన్ జట్టులో 2.8, ఆపరేషన్ లేని జట్టులో 5.2. నెలలు గడిచినా తగ్గని నొప్పికి ఆపరేషన్ మేలు చేస్తుంది. ఇక కొన్ని లక్షణాలకు ఒక్క రోజు కూడా ఆగకూడదు. మూత్రం బిగుసుకుపోవడం, లేక తెలియకుండా పోవడం, కూర్చునే చోట చుట్టూ మొద్దుబారడం, రెండు కాళ్లూ బలహీనపడటం. గుర్రం తోక నరాలన్నీ ఒక్కసారిగా నొక్కుకుపోతున్న గుర్తులవి. ఆ రోజే ఆసుపత్రికి చేరాలి, నలభై ఎనిమిది గంటలు దాటితే మూత్రం మీద పట్టు తిరిగి రాకపోవచ్చు. సిగ్గుపడి ఈ మాట చెప్పని ఆడవాళ్లు, 'వేడి చేసిందిలే' అని సర్దుకునే పెద్దవాళ్లు తెలుగు ఇళ్లలో ఉన్నారు. పాదం వేలాడిపోతూ చెప్పు జారిపోతుంటే అదీ త్వరగా చూపించవలసిన లక్షణమే.

ఏ పద్ధతి ప్రచారంలోనూ కనిపించని ముప్పు మరొకటుంది. అది తప్పు మెట్టు దగ్గర తెరవడం. 2008లో ప్రచురితమైన ఒక సర్వేలో జవాబిచ్చిన అమెరికా వెన్నెముక సర్జన్లలో సగంమంది, తమ వృత్తిజీవితంలో ఒక్కసారైనా అలా జరిగిందని ఒప్పుకున్నారు. నమ్మశక్యం కాకపోయినా కారణం తేలికే. కొందరికి అయిదో నడుము పూస కింది ఎముకతో కలిసిపోయి ఉంటుంది, కొందరికి ఆరోది ఉన్నట్టు కనిపిస్తుంది. కింది నుంచి లెక్కపెడితే ఒకటి, పై నుంచి లెక్కపెడితే ఇంకొకటి. చిన్న గాటు పద్ధతుల్లో చుట్టుపక్కల ఎముకలు కనిపించవు కాబట్టి పూర్తిగా ఎక్స్‌రే మీదే ఆధారపడాలి. అందుకే గాటు పెట్టక ముందు సూది గుచ్చి ఒకసారి, ఎముక చేరాక మరోసారి థియేటరులోనే సీ-ఆర్మ్ ఎక్స్‌రే తీసి మెట్టు సరిచూసుకోవాలి. ఆ ఫిల్ము రోగి ఫైల్లో ఉండాలి. దీనికి పట్టేది కొద్ది నిమిషాలు.

ఇవన్నీ రోగికి తెలియజేయడం సర్జన్ మంచితనానికి వదిలేసిన విషయం కాదు. రోగి సమ్మతికి సంబంధించిన సమీరా కోహ్లీ కేసులో 2008 జనవరిలో సుప్రీంకోర్టు స్పష్టంగా చెప్పింది. చికిత్స ఏమిటి, దేనికోసం, దానివల్ల మేలెంత, వేరే దారులున్నాయా, ముఖ్యమైన ప్రమాదాలేమిటి, చేయించుకోకపోతే ఏమవుతుంది అన్నవి చెప్పాకే తీసుకున్న సమ్మతి సమ్మతి. ఆచరణలో ఆపరేషన్ ముందు రాత్రి నర్సమ్మ తెచ్చే ఫారం ఇంగ్లీషులో ఉంటుంది. రోగి మంచం మీద నొప్పితో మూలుగుతుంటాడు. కొడుకో అల్లుడో మూడు చోట్ల సంతకం పెడతారు. 'ఎండోస్కోపీ చేస్తున్నాం' అన్న మాట తప్ప ఆ సర్జన్ అలాంటివి ఎన్ని చేశాడు, ఎందరికి డ్యూరా చిరిగింది, ఎందరు ఏడాదిలోపు తిరిగొచ్చారు అన్నది ఎవరూ అడగరు, ఎవరూ చెప్పరు.

అడిగినా చెప్పడానికి చాలాచోట్ల లెక్కే లేదు, అసలు లోటు అదే. స్వీడన్‌లో 1990ల నుంచి స్వీస్పైన్ అనే జాతీయ నమోదు నడుస్తోంది. వెన్నెముక ఆపరేషన్ చేయించుకున్న మనిషికి ఏడాదికి, రెండేళ్లకు, అయిదేళ్లకు ప్రశ్నపత్రం వెళ్తుంది. నొప్పి ఎంత, ఎంత దూరం నడవగలుగుతున్నారు, పనికి వెళ్తున్నారా, తృప్తిగా ఉన్నారా అని రోగినే అడుగుతుంది. ఆ లెక్కలు ఏటా నివేదికగా వస్తాయి.

ఇది ధనిక దేశాలకే సాధ్యమనుకోనవసరం లేదు. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 2007లో మొదలైన ఆరోగ్యశ్రీ, నేడు తెలంగాణలో రాజీవ్ ఆరోగ్యశ్రీగా, ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీఆర్ వైద్యసేవగా నడుస్తోంది. ఆసుపత్రికి డబ్బు చెల్లించే ముందు ఫిల్ములు, కాగితాలు అడిగి తీసుకునే ఏర్పాటు వాటికి ఇప్పటికే ఉంది. రోగి ఫోన్ నంబరు ఉంది, ఊళ్లో ఆశా కార్యకర్త ఉంది. వెన్నెముక ఆపరేషన్ అయిన ప్రతి మనిషికీ ఆరు నెలలకు, ఏడాదికి ఫోన్ చేసి తెలుగులో అయిదు ప్రశ్నలు అడగడం, మళ్లీ ఆపరేషన్ అయినవాళ్ల లెక్కను ఆసుపత్రుల వారీగా బయటపెట్టడం, ఈ రెండూ చేయడానికి కొత్త చట్టం అక్కర్లేదు. నెదర్లాండ్స్ చేసినట్టు, కొత్త పద్ధతికి డబ్బిచ్చే ముందు ఫలితం చూపించమనే హక్కు డబ్బు కట్టేవాడికి ఎప్పుడూ ఉంటుంది. బీమా కంపెనీలకూ ఆ హక్కు ఉంది. కష్టమైన కేసులు తీసుకునే పెద్దాసుపత్రుల అంకెలు చెడ్డగా కనిపిస్తాయన్న అభ్యంతరం వస్తుంది, అది న్యాయమైనదే. వయసు, మధుమేహం, పొగతాగుడు, అంతకుముందు ఆపరేషన్లు కూడా నమోదు చేసి సరిపోల్చడమే దానికి మార్గం.

అప్పటిదాకా సంతకం పెట్టే కాగితం ఒక్కటైనా మారాలి. తెలుగులో, పెద్ద అక్షరాల్లో, ఒకే పేజీ. ఏ మెట్టు, ఏ పక్క. ఆపరేషన్ ఇప్పుడే ఎందుకు, ఆరు వారాలు ఆగితే ఏమవుతుంది. ఏ పద్ధతి, దానికి ప్రత్యామ్నాయం ఏది. ఈ సర్జన్ ఈ పద్ధతిలో ఇప్పటివరకు చేసిన ఆపరేషన్లు ఎన్ని, వాటిలో డ్యూరా చిరిగినవెన్ని, చీము పట్టినవెన్ని, ఏడాదిలో మళ్లీ తెరిచినవెన్ని. పెద్ద రక్తనాళం తెగితే కుట్టేవాళ్లు ఈ కప్పు కింద ఉన్నారా, లేరా. చివర రోగి సంతకం, దాని పక్కన సర్జన్ సంతకం. ఆ పేజీ ఆపరేషన్ ముందు రాత్రి కాక, వారం ముందే రోగి ఇంటికి వెళ్లాలి. ఇంట్లో చదవగలిగినవాళ్లు పైకి చదివి వినిపించాలి, అర్థం కానిదాని కింద గీత గీసుకుని మళ్లీ వచ్చి అడగాలి.